పది అడుగుల వయొలిన్: ఒక స్పీకర్ మీద అభిప్రాయం సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన వైనం

1970 మే నెలలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక మధ్యస్థ ధరల ఇంటి స్పీకర్లను పోల్చి చూస్తూ ఏడు పేజీల వ్యాసం ప్రచురించింది. అందులో విడిగా గీత గీసి చూపిన ఒక భాగంలో, అప్పటికి కొత్తగా వచ్చిన బోస్ 901 గురించి కొన్ని వాక్యాలున్నాయి. ఆ స్పీకర్ల ద్వారా వింటే ఒక్కొక్క వాద్యమూ భారీగా పెరిగినట్టు, గదిలో తిరుగాడుతున్నట్టు అనిపించిందని, వయొలిన్ పది అడుగుల వెడల్పున, పియానో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకున్నట్టు తోచిందని ఆ వాక్యాల సారాంశం. వాద్యబృందాల సంగీతానికి ఇది పెద్ద లోపం కాదు గాని, ఒంటరి వాద్యాన్నో గాత్రాన్నో వినేటప్పుడు చికాకు కలిగించవచ్చని కూడా వ్యాసం చెప్పింది. ఈ వాక్యాల్లో 'గదిలో తిరుగాడడం' అన్న ఒక్క మాట మీద నడిచిన వ్యాజ్యం 1984లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పుతో గాని ముగియలేదు.

న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసును పత్రికా స్వేచ్ఛకు సంబంధించిన తీర్పుల్లో ఒకటిగా చదువుతారు. ధ్వనిశాస్త్రం తెలిసినవారు బోస్ కంపెనీ చరిత్రలో ఒక వింత ఘట్టంగా చెప్పుకుంటారు. కాని ఈ కేసు అడుగున మరో ప్రశ్న ఉంది. స్పీకర్ కొన్నవారు, విన్నవారు దాని గురించి చెప్పే మాటకు ఉన్న విలువ ఏమిటి? అది వాస్తవమా, అభిప్రాయమా, సాక్ష్యమా? న్యాయస్థానం దీనికి ఒక జవాబు చెప్పింది. మరో పదేళ్ళకు ప్రయోగశాల మరో జవాబు చెప్పింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గాని ఒక స్పీకర్ మీద 'నాకు బాగుంది' అన్న మాటకు అర్థం తేలదు.

చెవి సాక్ష్యం

యంత్రం పాడిన పాటకూ మనిషి పాడిన పాటకూ తేడా ఉందా అని శ్రోతలనే అడగడం చాలా పాత పద్ధతి. 1915 నుంచి సుమారు పదేళ్ళ పాటు ఎడిసన్ కంపెనీ అమెరికా అంతటా 'టోన్ టెస్ట్' పేరుతో ప్రదర్శనలు జరిపింది. 1916లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో కూడా ఒకటి జరిగింది. వేదిక మీద గాయకురాలు ఫోనోగ్రాఫ్ పక్కన నిలబడి, దానితోపాటు పాడుతూ మధ్యమధ్య ఆపేసేది. యంత్రం కొనసాగించేది. దీపాలు ఆర్పి మళ్ళీ వెలిగించేసరికి గాయకురాలు వేదిక మీద ఉండేది కాదు. పాట మాత్రం సాగుతూనే ఉండేది. తేడా కనిపెట్టలేకపోయామని సభికులు ఒప్పుకునేవారు. మైక్రోఫోన్ లేకుండా, కొమ్ము గొట్టంలోకి పాడి చేసిన ఆనాటి రికార్డులను ఇవాళ వినేవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు. పాడేవారు తమ గొంతును యంత్రానికి తగినట్టు సవరించుకోవడం ఒక కారణం. శ్రోతలకు అంతకన్నా మెరుగైన యంత్రధ్వని పరిచయం లేకపోవడం మరో కారణం. వారు అబద్ధం చెప్పలేదు. వారి చెవులు తమకు తెలిసిన ప్రమాణంతోనే కొలిచాయి.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ తీగచుట్ట సాయంతో కదిలే శంఖాకారపు స్పీకర్‌ను వివరిస్తూ పరిశోధన పత్రం ప్రచురించారు. ఇవాళ్టికీ ఇళ్ళలోని స్పీకర్లలో అత్యధిక భాగం ఆ సూత్రం మీదే పనిచేస్తున్నాయి. అయితే మంద్రస్థాయి ధ్వనులు నిండుగా రావాలంటే పెద్ద పెట్టె కావాలి. అందుచేత మంచి స్పీకర్ అంటే బీరువా అంత ఉండాలన్న భావన స్థిరపడింది. 1946లో ఆర్కాన్సా రాష్ట్రంలోని హోప్ పట్టణంలో కంపెనీ పెట్టిన పాల్ క్లిప్ష్, తన స్పీకర్‌ను గది మూలలో ఆనించి పెట్టేలా రూపొందించాడు. ఆ మూలలోని రెండు గోడలూ స్పీకర్ కొమ్ముకు కొనసాగింపుగా పనిచేస్తాయి. అంటే, ఇల్లు కూడా వాద్యంలో భాగమేనన్న సంగతి అప్పటికే నిర్మాతలకు తెలుసు.

ఎడ్గర్ విల్చర్ 1954లో దీన్ని తలకిందులు చేశాడు. గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగ్‌గా వాడుకుంటే, పెట్టె చిన్నదైనా మంద్రధ్వనులు లోతుగా వస్తాయని ఎకౌస్టిక్ రీసర్చ్ కంపెనీ తొలి స్పీకర్‌తో నిరూపించాడు. 1958 నాటికి స్టీరియో రికార్డులు మార్కెట్లోకి వచ్చాయి. ఇంట్లో ఒక్క స్పీకర్ చాలని కాలం పోయి రెండు అవసరమయ్యాయి. రెండు బీరువాలు పెట్టడానికి చోటు లేని ఇళ్ళకు విల్చర్ పెట్టె వరంలా దొరికింది. ఆయన కూడా శ్రోతల చెవినే సాక్ష్యానికి పిలిచాడు. ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ వాద్యకారులు వేదిక మీద వాయిస్తూ, మధ్యలో కమానులు తీగలకు తగలకుండా ఆడించేవారు. ఆ సమయంలో ముందే రికార్డు చేసిన అదే సంగీతం స్పీకర్లలోంచి వచ్చేది. ఎప్పుడు మారిందో కనిపెట్టమని సభికులను అడిగేవారు. న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో కంపెనీ ఒక శ్రవణశాల కూడా నడిపింది. అక్కడ ఎవరైనా కూర్చుని వినవచ్చు, కాని కొనడానికి అక్కడ ఏమీ అమ్మేవారు కాదు.

గోడకేసి తిరిగిన స్పీకర్

అమర్ గోపాల్ బోస్ 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి నోనీ గోపాల్ బోస్ బ్రిటిష్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా పనిచేసి, బెంగాల్ వదిలి అమెరికా చేరిన స్వాతంత్ర్య యోధుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కుటుంబానికి ఆసరాగా రేడియోలు బాగుచేసిన ఆ కుర్రవాడు తరువాత మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విద్యార్థి, ఆపైన ఆచార్యుడు అయ్యాడు. 1956లో ఒక స్టీరియో కొనుక్కుని, దాని లెక్కలన్నీ కాగితం మీద గొప్పగా ఉన్నా ధ్వని కచేరీలో వినిపించినట్టు లేదని నిరాశ పడ్డాడు. ఆ నిరాశే ఆయన పరిశోధనకు మూలం. ఒక విధంగా చూస్తే ఈ కథ అంతా ఒక స్పీకర్ యజమాని అసంతృప్తితోనే మొదలైంది.

కచేరీశాలలో శ్రోత చెవికి చేరే ధ్వనిలో అధిక భాగం వాద్యం నుంచి నేరుగా రాదు. గోడలకూ కప్పుకూ తగిలి తిరిగి వస్తుంది. మామూలు స్పీకర్ తన ధ్వనిని ఎక్కువగా ముందుకే పంపుతుంది. 1964లో కంపెనీ స్థాపించిన బోస్, 1968లో విడుదల చేసిన 901లో ఈ నిష్పత్తిని తిరగేశాడు. తొమ్మిది చిన్న స్పీకర్లలో ఒకటి మాత్రమే శ్రోతకేసి చూస్తుంది. మిగిలిన ఎనిమిదీ వెనక్కి, గోడకేసి ఉంటాయి. తొమ్మిదింట ఎనిమిది వంతులు, అంటే సుమారు 89 శాతం ధ్వని గోడకు తగిలి వస్తుంది.

దీని వల్ల లాభమూ నష్టమూ ఒకే మూలం నుంచి వచ్చాయి. శబ్దం ఎటు నుంచి వచ్చిందో తేల్చడానికి చెవి ముఖ్యంగా మొదట చేరిన ధ్వని మీద ఆధారపడుతుంది. కొన్ని మిల్లీసెకన్ల తర్వాత వచ్చే ప్రతిధ్వనిని దానిలోనే కలిపేసుకుంటుంది. ధ్వని ఒక్క అడుగు దూరం పోవడానికి మిల్లీసెకను కన్నా కాస్త తక్కువ కాలం పడుతుంది. గోడకు అడుగు దూరంలో ఉన్న స్పీకర్ నుంచి గోడను తాకి వచ్చే ధ్వని, నేరుగా వచ్చేదానికన్నా రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అలా ఆలస్యంగా వచ్చిన ధ్వని తొలి ధ్వని కన్నా అనేక రెట్లు బలంగా ఉంటే, వాద్యం ఫలానా చోట ఉందన్న నిశ్చయం సడలుతుంది. వాద్యబృందం విశాలంగా, ఉదారంగా వినిపిస్తుంది. ఒంటరి వయొలిన్ కూడా అంత విశాలంగానే వినిపిస్తుంది. కర్ణాటక కచేరీ వినేవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. నడుమ గాత్రం, ఒక పక్క వయొలిన్, మరో పక్క మృదంగం అన్న పొందిక ఆ సంగీతం వినే అలవాటులో భాగం. ఆ పొందిక చెదిరిపోతే సభ పెద్దదైనట్టు తోచవచ్చు గాని, గాయకుడు ఎదుట కూర్చున్నట్టు తోచదు.

'గదిలో' అంటే ఎక్కడ?

కన్స్యూమర్ రిపోర్ట్స్‌ను ప్రచురించే కన్స్యూమర్స్ యూనియన్ 1936లో ఏర్పడింది. అది ప్రకటనలు తీసుకోదు. సరుకును తానే కొని పరీక్షిస్తుంది. అందువల్ల దాని మాటకు పాఠకుల్లో గట్టి నమ్మకం ఉండేది, నిర్మాతల్లో అంతే భయమూ ఉండేది. వ్యాసంలోని పలు వ్యాఖ్యలను సవరించుకోమని బోస్ కంపెనీ కోరింది. పత్రిక నిరాకరించింది. కంపెనీ 1971లో మసాచుసెట్స్ ఫెడరల్ జిల్లా కోర్టులో దావా వేసింది.

జ్యూరీ లేకుండా 19 రోజులు జరిగిన విచారణలో చాలా ఆరోపణలు వీగిపోయాయి. చివరికి నిలిచింది వాద్యాలు గదిలో తిరుగాడడం గురించిన మాట. వ్యాసం రాసిన ఇంజనీరు సాక్ష్యం చెబుతూ, తాను విన్న కదలిక రెండు స్పీకర్ల నడుమ, గోడ వెంబడి అటూ ఇటూ జరిగేదని వివరించాడు. వ్యాసంలో మాత్రం గది అంతటా అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాట పడింది. గోడ వెంబడి కాస్త కదలడం స్టీరియోలో మామూలే. వయొలిన్ శ్రోత చుట్టూ తిరగడం మాత్రం వెక్కిరింతగా ధ్వనించే లోపం. తన ఉద్దేశంలో ఆ మాటకు గోడ వెంబడి అనే అర్థమని ఇంజనీరు అన్నప్పుడు న్యాయమూర్తి నమ్మలేదు. చదువుకున్న మనిషి అంత సాధారణమైన మాటకు ఆ అర్థం తీసుకోవడం అసాధ్యమని, కనుక తప్పని తెలిసే రాశాడని నిర్ణయించి 1981లో కంపెనీ పక్షాన తీర్పు చెప్పాడు.

తెలుగులో రాసి ఉంటే ఈ కేసు బహుశా ఇంత దూరం వచ్చేది కాదు. 'గదిలో అటూ ఇటూ తిరుగుతున్నట్టుంది' అనే తెలుగు వాక్యం గోడ వెంబడి కదలికకూ సరిపోతుంది, గది అంతా కలయదిరగడానికీ సరిపోతుంది. విన్నదాన్ని చెప్పడానికి ఏ భాషలోనూ కొలబద్ద లాంటి మాటలు లేవు. కంటికి కనిపించే వస్తువుల నుంచి, నడక నుంచి, స్పర్శ నుంచి అరువు తెచ్చుకున్న మాటలతోనే ధ్వనిని వర్ణించాలి. 1962లో జె. గోర్డన్ హోల్ట్ స్టీరియోఫైల్ పత్రికను, 1973లో హ్యారీ పియర్సన్ ది ఆబ్సొల్యూట్ సౌండ్ పత్రికను స్థాపించి, పరికరాల కొలతల కన్నా శ్రోత వర్ణనకు పెద్దపీట వేశారు. స్పీకర్ల సమీక్షల్లో ఇవాళ వాడే ధ్వనివేదిక, లోతు, వెచ్చదనం, గరుకుదనం వంటి మాటలు చాలా వరకు ఆ సంప్రదాయంలో స్థిరపడినవే. అవన్నీ ఉపమానాలు. ఉపమానం మీద ప్రమాణం చేయించి సాక్ష్యం పుచ్చుకోవడం ఎంత కష్టమో ఆ 19 రోజుల విచారణ చూపింది.

సుప్రీం కోర్టు మాట

1964లో న్యూయార్క్ టైమ్స్, సల్లివాన్ కేసులో సుప్రీం కోర్టు ఒక సూత్రం చెప్పింది. ప్రజాధికారి మీద పత్రిక ప్రచురించింది తప్పని తేలినంత మాత్రాన శిక్ష ఉండదు. అది అబద్ధమని తెలిసి గాని, నిజమో కాదో ఏమాత్రం లక్ష్యపెట్టకుండా గాని రాసినట్టు స్పష్టంగా నిరూపించాలి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పౌరహక్కుల పోరాట కాలంలో పుట్టిన ఆ సూత్రం తర్వాతి తీర్పుల్లో ప్రజాజీవితంలోని ఇతర ప్రముఖులకూ విస్తరించింది. ఈ కేసులో బోస్ కంపెనీని ఆ కోవలోదిగానే జిల్లా కోర్టు పరిగణించింది. అయినా నేరం రుజువైందని తేల్చింది.

అప్పీలు కోర్టు సాక్ష్యాన్ని తానే మళ్ళీ పరిశీలించి జిల్లా కోర్టు తీర్పును కొట్టివేసింది. 1984 ఏప్రిల్ 30న సుప్రీం కోర్టు ఆరుగురికి ముగ్గురి తేడాతో అప్పీలు కోర్టును సమర్థించింది. తీర్పు రాసింది జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్. పత్రికా స్వేచ్ఛకు సంబంధించిన కేసుల్లో దురుద్దేశం రుజువైందా లేదా అన్నది పై కోర్టు తనంత తానుగా పరిశీలించి తీరాలన్నది ఆ తీర్పులోని న్యాయసూత్రం. స్పీకర్ల విషయానికి వస్తే ఆయన చెప్పింది మరింత మానవీయమైనది. ఇంజనీరు మాట ఎంపికలో పొరపడ్డాడు, ఆ తర్వాత ఆ పొరపాటును ఒప్పుకోలేక సమర్థించుకున్నాడు. కోర్టులో అతని వివరణ నమ్మదగినది కాకపోవచ్చు. అంత మాత్రాన వ్యాసం రాస్తున్న నాడే అది అబద్ధమని అతనికి తెలుసని రుజువు కాదు. చెవితో విన్న వింత అనుభవాన్ని వర్ణించబోయి మాట తూకం తప్పడం వేరు, అబద్ధమాడడం వేరు.

భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ రెన్‌క్విస్ట్ ఇందులోని విడ్డూరాన్ని ఎత్తిచూపాడు. ప్రభుత్వాధికారులను విమర్శించే స్వేచ్ఛ కోసం పుట్టిన సూత్రం చివరికి ఒక స్పీకర్ మీద రాసిన వాక్యానికి రక్షణగా నిలిచిందన్నది ఆయన ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో పస ఉంది. కాని తీర్పు మరోలా వచ్చి ఉంటే, ఏ సరుకు గురించైనా తన అనుభవాన్ని రాసే ప్రతి ఒక్కరూ ఒక్కొక్క విభక్తిని తూచి రాసుకోవలసి వచ్చేది.

తెర దించి వింటే

శ్రోతకు పొరపడే స్వేచ్ఛ ఉందని న్యాయస్థానం చెప్పింది. ఎంత పొరపడతాడో, ఎందుకు పొరపడతాడో ప్రయోగశాల చెప్పింది. కెనడా రాజధాని ఒటావాలోని నేషనల్ రీసర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ ఏళ్ళ తరబడి స్పీకర్లను తెర వెనుక దాచి శ్రోతలచేత మార్కులు వేయించాడు. ఆ మార్కులను కొలతలతో పోల్చి 1985, 1986లలో ప్రచురించాడు. అందులో ఆశ్చర్యం కలిగించిన ఫలితం శ్రోతల మధ్య ఏకాభిప్రాయం. పెట్టె కనిపించనప్పుడు, వినికిడి లోపం లేనివారు చాలా వరకు ఒకే రకం స్పీకర్లను మెచ్చుకున్నారు. అన్ని స్థాయిల ధ్వనులనూ హెచ్చుతగ్గులు లేకుండా, ఎదుటికే కాక పక్కలకు కూడా సాఫీగా పంపే స్పీకర్లవి.

టూల్ ఆ తర్వాత కాలిఫోర్నియాలోని హర్మన్ సంస్థలో చేరాడు. 1994లో ఆయనా షాన్ ఆలివ్ కలిసి ప్రకటించిన ప్రయోగం ఈ కథకు కీలకం. ఆ సంస్థకే చెందిన 40 మంది ఉద్యోగులు నాలుగు స్పీకర్లను విన్నారు. ఒకసారి తెర వెనుక, ఒకసారి కళ్ళెదుట. నేల మీద ఠీవిగా నిలబడిన పెద్ద స్పీకర్లు, చవకైన చిన్న పెట్టెల సెట్టు వాటిలో ఉన్నాయి. తెర ఉన్నప్పుడు చిన్న పెట్టెలు పెద్దవాటికి దీటుగా నిలిచాయి. తెర తీయగానే పెద్దవాటి మార్కులు పెరిగాయి, చిన్నవాటివి పడిపోయాయి. అంతకన్నా గమనించదగింది మరొకటి ఉంది. గదిలో స్పీకర్ చోటు మారిస్తే ధ్వని మారుతుంది. తెర ఉన్నప్పుడు శ్రోతలు ఆ మార్పును పట్టుకున్నారు. కంటితో చూస్తున్నప్పుడు దాన్ని చాలా వరకు పట్టించుకోలేదు. కన్ను ముందే తీర్పు చెప్పేసింది, చెవి సంతకం పెట్టింది. 2003లో ఆలివ్ 268 మందితో జరిపిన మరో పరీక్షలో, శిక్షణ పొందినవారికీ మామూలు శ్రోతలకూ స్పీకర్ల ఎంపికలో వరస ఒకటేనని తేలింది. శిక్షణ ఉన్నవారు తేడాలను మరింత నిలకడగా పట్టుకున్నారు, అంతే.

ఈ ఫలితాలను చూపి యజమానుల అభిప్రాయాలకు విలువ లేదనడం తేలిక. నిజానికి ఆ ప్రయోగాలు చెబుతున్నది దానికి విరుద్ధం. చెవి నమ్మదగిన సాక్షి. ధర, పరిమాణం, పేరు, పాలిష్ చేసిన చెక్క ముందుగా సాక్షి చెవిలో ఊదకపోతే చాలు.

ఇల్లు, కాలం

ప్రయోగశాల చెప్పలేనిది కూడా ఒకటుంది. రెండు మూడు వందల హెర్ట్జ్‌ల కన్నా కింది స్థాయిలో స్పీకర్ కన్నా గదిదే పెత్తనం. 15 అడుగుల పొడవున్న గది, ఆ పొడవు వెంట సుమారు 38 హెర్ట్జ్ దగ్గర తనంత తానే మోగుతుంది. డబుల్ బేస్ వాద్యంలో అన్నిటికన్నా కింది తీగ స్వరం 41 హెర్ట్జ్. చిన్న స్పీకర్లు ఆ స్థాయికి దిగవు కనుక వాటి యజమానికి ఈ బాధ తెలియదు. నేల మీద నిలబెట్టే టవర్ స్పీకర్లు దిగుతాయి. కనుకనే ఒకే జత స్పీకర్లను ఒకరు గంభీరమని మెచ్చుకుంటే, మరొకరు గుమ్ముమంటోందని తిట్టుకుంటారు. హైదరాబాదులోని ఇటుక గోడల ఫ్లాటులో మంద్రధ్వని గోడను తాకి దాదాపు అంతే బలంతో తిరిగి వస్తుంది. న్యూజెర్సీలోని చెక్క చట్రపు ఇంట్లో పల్చటి జిప్సమ్ గోడ తానూ కాస్త కంపించి, ఆ శక్తిలో కొంత మింగేస్తుంది. ఒక ఇంట్లో కుదిరిన స్పీకర్ మరో ఇంట్లో కుదరకపోతే అది యజమాని చెవి దోషమూ కాదు, స్పీకర్ దోషమే కానక్కరలేదు.

ఈ దృష్టితో 1970 నాటి వ్యాసాన్ని మళ్ళీ చూస్తే, పదమూడేళ్ళ వ్యాజ్యంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని దాని ముగింపు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. ఇది చాలా అసాధారణమైన స్పీకర్ కనుక కొనేవారు స్వయంగా విని నిర్ణయించుకోవాలని, కొత్తదనపు మోజు తీరిన తర్వాత కూడా నచ్చుతుందని నమ్మకం కలిగేదాకా అంత డబ్బు పెట్టకుండా ఆగడం మంచిదని అది పాఠకులకు సలహా ఇచ్చింది. ఆ సలహా మీద ఏ కోర్టుకూ అభ్యంతరం కలగలేదు. 901 కూడా ఆ వ్యాసంతో మరుగున పడిపోలేదు. పలుమార్లు సవరణలు పొందుతూ అర్ధ శతాబ్దానికి దగ్గరగా అమ్ముడుపోయింది. వయొలిన్ పది అడుగులు ఉండడమే నచ్చినవారు కూడా లోకంలో ఉన్నారు.

కొన్న మర్నాడు రాసిన ప్రశంసలో సగం ఖర్చును సమర్థించుకోవడమే ఉంటుంది. గది కొలతలు, గోడల తీరు, స్పీకర్ గోడకు ఎంత దూరంలో ఉంది, ఏ సంగీతం విన్నారు, కొని ఎన్నాళ్ళయింది అన్న వివరాలతో చెప్పిన అభిప్రాయం మాత్రం సాక్ష్యమవుతుంది. ఆ సాక్షి 'గదిలో' అన్నప్పుడు 'గోడ వెంబడి' అని అర్థమై ఉండవచ్చు. ఆ మాత్రం సందు విడిచి చదువుకోవడం పాఠకుడి వంతు.